అసలు వేరు, సిసలు వేరు

"1953 మోడల్ మోరిస్ మైనర్. పూర్తిగా ఒరిజినల్. ఒకే యజమాని. కొత్త పెళ్ళికూతురులాంటి పాత కారు. చూసినవారు వదలరు!"

ఈ అయిదు వాక్యాల రచన మీద నా అభిప్రాయం చెప్పమని కిందటి నెల మా పిన్ని ఫోన్ చేసింది. కథల మీదా నవలల మీదా అప్పుడప్పుడూ నాలుగు ముక్కలు రాస్తుంటాను గనక, అచ్చయ్యేది ఏదైనా సరే చదివి మంచీచెడ్డా తేల్చగలనని ఆవిడ నమ్మకం. "పెద్ద పెద్ద రచయితల్నే ఉతికి ఆరేస్తావు గదే, ఈ అయిదు ముక్కలూ చూసిపెట్టలేవూ?" అంది.

అమ్మకపు ప్రకటనని విమర్శించడమేమిటని నవ్వుకున్నాను గాని, ఆలోచించినకొద్దీ అది నవ్వులాట విషయం కాదనిపించింది. కవి అబద్ధమాడితే అలంకారం అంటాం. ప్రకటన అబద్ధమాడితే దాన్ని నమ్మి ఎవరో ఒకరు డబ్బు చెల్లించాలి. ఆ లెక్కన కవిత్వంకన్నా ప్రకటననే ఎక్కువ జాగ్రత్తగా చదవాలి.

సంగతేమిటంటే, మా బాబాయి ఆ కారుని 1961లో ఒక డాక్టరుగారి దగ్గర కొన్నారు. నలభై ఏళ్ళు నడిపారు. ఆయన పోయాక అది కాకినాడలో పెరటి షెడ్డులో ఉండిపోయింది. ఇప్పుడు ఇల్లు అపార్టుమెంట్ల వాళ్ళకి ఇచ్చేశారు. పిన్ని కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. వచ్చే చోట రెండు గదులు, ఒక బాల్కనీ. కారుని బాల్కనీలో పెట్టుకోలేం గదా!

బేరానికి ఇద్దరొచ్చారు. మొదటాయన బానెట్ ఎత్తి చూసి పెదవి విరిచాడు. "ఇంజను దీనిది కాదండీ. రంగూ కంపెనీ వేసింది కాదు. ఒరిజినల్ కాని బండికి తుక్కు ధరేనండీ" అన్నాడు. రెండో ఆయన బ్రోకరు. "ఆ మాటలన్నీ మీరెందుకు చెప్పాలమ్మగారూ? కాస్త టింకరింగు చేయించి, మెరిసే పెయింటింగు కొట్టించి, ఒరిజినల్ అని వేయించేద్దాం" అని, పైన నేను చూపించిన ప్రకటన రాసిచ్చి వెళ్ళాడు.

చూశారా విచిత్రం! ఇద్దరి నోటా ఒకటే మాట. ఒకాయన చేతిలో అది ధర దించే రాయి. ఇంకొకాయన చేతిలో ధర పెంచే నిచ్చెన. కారు మాత్రం షెడ్డులో ఉన్నచోటే ఉంది. మరి ఈ 'ఒరిజినల్' అనే మాటకి అర్థమేమిటి?

ఈ ప్రశ్న మీదనే 1990లో లండన్ హైకోర్టులో ఒక పెద్ద దావా నడిచింది. ఆ కారు ముందు మా పిన్ని కారు చీమంత. అది బెంట్లీ కంపెనీ వారి స్పీడ్ సిక్స్ పందెం కారు. ముద్దుపేరు 'ఓల్డ్ నంబర్ వన్'. ఫ్రాన్సులో లె మాన్ అనే చోట ఇరవై నాలుగు గంటలు ఆగకుండా నడిపే పందెం ఉంది. ఆ పందెంలో 1929లోనూ, మళ్ళీ 1930లోనూ గెలిచిన పేరు దీనిది. రెండుసార్లూ చక్రం పట్టినవారిలో ఉల్ఫ్ బర్నాటో ఉన్నాడు. దక్షిణాఫ్రికా వజ్రాల గనుల సంపదకి వారసుడు, బెంట్లీ కంపెనీని తన డబ్బుతో నిలబెట్టినవాడు. 1929లో ఆయనకి జోడీ టిమ్ బిర్కిన్, 1930లో గ్లెన్ కిడ్‌స్టన్.

పందెం కారంటే పూజగదిలో విగ్రహం కాదు. ఒక పందేనికీ ఇంకో పందేనికీ మధ్య దాన్ని విప్పుతారు, అరిగినవి తీసేస్తారు, కొత్తవి వేస్తారు. ఓల్డ్ నంబర్ వన్ కూడా అలాగే మారుతూ వచ్చింది. 1932 నాటికి దాన్ని కొత్త చట్రం మీద, ఎనిమిది లీటర్ల పెద్ద ఇంజనుతో మళ్ళీ కట్టారు. ఆ ఏడే ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ పందెంలో క్లైవ్ డన్ఫీ అనే యువకుడు నడుపుతుండగా ఏటవాలు గట్టు దాటి అవతల పడింది. డన్ఫీ చనిపోయాడు. ఆ తరవాత ఆ బండిని మళ్ళీ కట్టించి, ఈసారి వీధుల్లో తిరిగే కారుగా మార్చారు.

దాదాపు అరవై ఏళ్ళ తరవాత దాన్ని కోటి పౌన్లకి కొంటామని ఒక సంస్థ ఒప్పుకుంది. మన లెక్క కాదు సుమండీ, కోటి పౌన్లు! ఆ తరవాత కొనేవారు వెనక్కి తగ్గారు. "లె మాన్‌లో గెలిచిన కారు ఇది కానే కాదు. అప్పటి సామాను ఇందులో ఏముంది?" అన్నారు. అమ్మినాయన కోర్టుకెక్కాడు.

జస్టిస్ ఆటన్ ఆ కారు పుట్టుపూర్వోత్తరాలన్నీ విన్నారు. 1929, 1930 సంవత్సరాల్లో గెలిచినప్పటి సామానులో చెప్పుకోదగ్గది దాదాపు మిగల్లేదని తేలింది. మిగిలినదాంట్లో ముఖ్యమైనదంతా 1932 నాటిదీ, ఆ తరవాతదీను. అయినా ఆయన అమ్మినాయన పక్షానే తీర్పు చెప్పారు. ఎలాగంటారా? ఇంగ్లీషులో ఈ సందర్భానికి మూడు మాటలున్నాయి. ఒరిజినల్, జెన్యూన్, అథెంటిక్. మొదటి రెండూ ఈ కారుకి చెల్లవన్నారు. ఏ సామానుతో పుట్టిందో ఆ సామానుతో లేదు గనక. మూడోది చెల్లుతుందన్నారు. ఎందుకంటే 1929లో షెడ్డు దాటి బయటికొచ్చిన రోజునుంచి ఈనాటిదాకా దాని కథ ఎక్కడా తెగలేదు. మారింది, విరిగింది, మళ్ళీ లేచింది. కాని ఏ రోజునా ఆ కారు ఇంకో కారు అయిపోలేదు. ఆ పేరుకి హక్కున్నది అదే.

మనం 'అసలు సిసలు' అని ఒక్క ఊపిరిలో అనేస్తాం. అవి రెండు మాటలని మనకెప్పుడూ తోచదు. ఆ లండన్ జడ్జీగారు మన జంటపదాన్ని విడదీసి, ఈ కారు అసలు కాదు, సిసలే అన్నట్టయింది!

ఈ తీర్పు గురించి మొదటిసారి చదివినప్పుడు, చెప్పొద్దూ, నాకు కోపమే వచ్చింది. కోటి పౌన్లు పోసి కొనుక్కునేది ఒక పేరునా? మనింట్లో సంగతే చూడండి. అమ్మమ్మ కాసులపేరు కరిగించి నాలుగు గాజులు చేయిస్తాం. బంగారం అదే, ఆకారం పోయింది. అయినా "ఇవి అమ్మమ్మ గాజులు" అంటూ మనవరాలికి తొడుగుతాం. ఈ కారు విషయం సరిగ్గా తలకిందులు. లోహం పోయింది, పేరూ కథా మిగిలాయి. మొదటిదాన్ని ఒప్పుకున్న మనసు రెండోదాన్ని ఎందుకు ఒప్పుకోదు? ఆలోచించాల్సిన విషయమే.

నా కోపాన్ని తగ్గించింది మాత్రం కారు కాదు, పోతనగారి భాగవతం. మనందరం 'పోతన భాగవతం' అనే అంటాం. కాని అందులో అయిదో స్కంధం గంగనది. ఆరో స్కంధం సింగనది. పదకొండూ పన్నెండూ స్కంధాలు వెలిగందల నారయవి. ఆ భాగాలు ఎలా పోయాయో చెప్పే కథలు రకరకాలుగా ఉన్నాయి. పోయినచోట ఇంకొకరు పూరించారన్నది మాత్రం అందరూ ఎరిగినదే. మరి దాన్ని మనం దొంగ భాగవతం అనం గదా! ఎందుకనం? ఆ స్కంధాల చివర గద్యంలో ఎవరి పేరు వాళ్ళు చెప్పుకున్నారు గనక. "ఈ భాగం చేసినది నేను" అని ఒప్పుకున్నారు గనక. అదే ఎవరో అనామకుడు నాలుగు పద్యాలు అల్లి, పోతన పద్యాలమధ్య గుట్టుగా దూర్చాడనుకోండి. దాన్ని ప్రక్షిప్తం అని, పండితులు వెతికి వెతికి పట్టుకుని అవతల పారేస్తారు.

రెండూ చేర్పులే. తేడా అల్లా దాపరికంలో ఉంది. పాత కారుకీ ఇదే సూత్రం. భాగం మార్చడం దోషం కాదు, మార్చి మార్చలేదనడమే దోషం.

అయితే సిసలైన దాన్నీ దొంగదాన్నీ గుర్తుపట్టడం ఎలాగ? పాత తాళపత్రాలు చూసే పండితుడు సిరానీ లిపినీ చూసినట్టు, పాత కారుని చూసేవాళ్ళు ముందు అంకెలు చూస్తారు. చట్రం మీద కొట్టిన నంబరూ, ఇంజను మీద నంబరూ, ఆర్.సి. పుస్తకంలో నంబర్లూ ఒకటేనా? తరవాత ఆ కారు ఏ ఏట ఎలా తయారయ్యేదో గుర్తుచేసుకుంటారు. మోరిస్ మైనర్‌నే తీసుకోండి. ఇంగ్లండులో 1948లో పుట్టింది, రూపకర్త అలెక్ ఇసిగోనిస్. 1956 దాకా దాని ముందు అద్దం ఒకటి కాదు, మధ్యలో పట్టీతో రెండు ముక్కలు. ఇంజను మొదట 918 సి.సి., 1952 నుంచి 803, 1956 నుంచి 948, 1962 నుంచి 1098. అంటే 1953 కారని చెప్పి ఒకటే అద్దం ఉన్నా, 948 ఇంజను ఉన్నా, అది తరవాతి కవి చేర్చిన పద్యమన్నమాట! పక్కకి తిరిగేటప్పుడు తలుపు వెనక స్తంభంలోంచి చెవిలాగా పైకి లేచే చిన్న బాణం ఆ రోజుల కారుకి ఉండాలి. పిల్లలకి అదొక పెద్ద వినోదం.

రంగు సంగతి మరీ తమాషా. పైపైన ఎన్ని రంగులు కొట్టినా, తలుపు రబ్బరు కింద, నేలమీది తివాచీ కింద, మూలల్లో మొదటి రంగు బయటపడుతుంది. పాత పట్టుచీర అద్దకం వేయించినా కొంగు ముడి లోపల మొదటి రంగు దాక్కుని ఉంటుంది చూడండి, అలాగ. అందుకే తెలిసినవాళ్ళు మెరుపు చూస్తే సంబరపడరు, అనుమానపడతారు. ఎండకి వెలిసి, మొదటి రంగే నిలిచి, మొదటి తోలు సీట్లే నెరిసి ఉన్న కారు వాళ్ళకి ప్రాణం. అమెరికాలో పెబుల్ బీచ్ అనే చోట ఏటేటా జరిగే పెద్ద ప్రదర్శనలో, బాగుచేయకుండా ఉంచిన కార్లకి ప్రత్యేకంగా ఒక పోటీ ఉంది. బాగుచేయించడం ఎన్నిసార్లయినా కుదురుతుంది. మొదటి రూపం చెరిపేస్తే మాత్రం మళ్ళీ రాదు. ఆ బ్రోకరుగారి 'మెరిసే పెయింటింగు' మాట విని నేను ఉలిక్కిపడింది అందుకే.

మన హైదరాబాదులోనే చూడండి. చౌమహల్లా పాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేయించమన్నారు. ఆయన 1911లో పోయారు. కారు వచ్చింది 1912లో, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడిలో. నడుమ సింహాసనంలాంటి ఆసనం ఎత్తుగా ఉంటుంది. ఉత్సవాలకే గాని ఊరు తిరగడానికి వాడింది కాదు, అందుకే నడిచిన మైళ్ళు బహు స్వల్పం. 'పూర్తిగా ఒరిజినల్' అన్న మాట దీనికైనా చెల్లుతుందా అంటే, అక్కడా ఒక మెలిక ఉంది. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ వారు చట్రమూ ఇంజనూ మాత్రమే చేసేవారు. పై గూడు కట్టేది ఇంకో సంస్థ. ఈ కారుకి కట్టింది లండన్‌లోని బార్కర్ వారు. అంటే పుట్టుకతోనే ఇద్దరు చేసిన బండి! ఒక్కచేతి పనితనం అని మనం ఊహించుకునే 'అసలు' చాలాసార్లు మొదటినుంచీ లేనేలేదు.

అయితే ఈ మాటలన్నీ చెప్పి చట్టాన్ని మరిచిపోతే పిన్ని చిక్కుల్లో పడుతుంది. 2021లో మన కేంద్ర ప్రభుత్వం పాత వాహనాలకి వేరే రిజిస్ట్రేషను పెట్టింది. యాభై ఏళ్ళు దాటిన బండి అయితే, నంబరులో 'వి.ఎ.' అనే అక్షరాలు ఇస్తారు. కొత్తగా నమోదుకి ఇరవై వేల రూపాయలు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్ళవచ్చు గాని, రోజూ ఆఫీసుకి వెళ్ళడానికి వాడకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు, బండి మొదటి రూపంలో ఉండాలి. చట్రం, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు.

చూశారా? లండన్ జడ్జీగారు సిసలుని మెచ్చుకున్నారు. మన నిబంధన అసలుని అడుగుతోంది. రెండిటిలో ఏది రైటు అని నన్నడిగితే, రెండూ రెండు వేరు ప్రశ్నలకి జవాబులంటాను. ఒకరు "ఇది ఎవరు?" అని అడిగారు. ఇంకొకరు "ఇది ఎలా ఉంది?" అని అడుగుతున్నారు. చిక్కల్లా ఈ రెండు ప్రశ్నలకీ కలిపి 'పూర్తిగా ఒరిజినల్' అని ఒకే జవాబు పడేసేవాళ్ళతోనే. ఆ ప్రకటన నమ్మి ఎవరో కుర్రవాడు దాచుకున్న డబ్బుపోసి ఈ కారు కొన్నాడనుకోండి. రేపు ఆఫీసులో ఇంజను నంబరు చూసి కాదంటే, అతని గతేమిటి? అబద్ధం మనింట్లో పుట్టి వాళ్ళింట్లో పెరుగుతుంది.

మరి డబ్బు మాటో? నిజం రాస్తే ధర పడిపోదా? కొంత పడుతుంది, కాదనను. కాని కథ తెగకుండా చేతికందడానికి లోకం ఎంత ఇస్తుందో కూడా చూడాలి. 2022లో మెర్సిడిస్ వారి 1955 నాటి కారు ఒకటి పదమూడున్నర కోట్ల యూరోలకి అమ్ముడయింది. అలాంటివి చేసినవి రెండే రెండు. అన్నేళ్ళూ కంపెనీ ఇంట్లోనే ఉంది గనక అది ఎవరిది, ఎక్కడిది అనే సందేహమే లేదు. అంత డబ్బులో అరుదుతనానికి ఎంత పోయిందో, నమ్మకానికీ అంత పోయిందనుకుంటాను.

ఇవన్నీ పిన్నికి ఫోన్‌లో చెప్పి, "బాబాయి కారు కాయితాలేమన్నా దాచారా?" అని అడిగాను. కాసేపు వెతికి, "కాయితాలు కాదే, ఒక పుస్తకం ఉంది" అంది. అది ఆయన లెక్కల పుస్తకం. కొన్న రోజునుంచీ టైరు మార్చినా, దీపం మార్చినా తేదీ వేసి రాసుకున్నారు. మధ్యమధ్య ఇంటి సంగతులు కూడా. రేడియేటరు అతికించిన ఖర్చు పక్కనే పెద్దదాని నామకరణం ఖర్చు. 1978లో ఒక పేజీ. ఇంజను క్రాంక్‌షాఫ్టు విరిగింది, స్పేర్లు దొరకలేదు, వేరే ఇంజను వేయించాను, నంబరు ఆర్.సి.లో ఎక్కించాను, రంగు కూడా అప్పుడే మార్చాను, మొదటి రంగు ఆకుపచ్చ, అని.

పిన్ని ఆ పేజీ చదువుతూ చదువుతూ ఆగిపోయింది. "ఆ ఏడు దసరాకి నాకు చీర కొనలేదు. ఇంజనుకి పోయిందని తెలుసు గాని, ఇంత పోయిందని ఇప్పుడే తెలిసింది" అంది. కోపంగానే అంది గాని, గొంతు అలా లేదు.

స్కంధాంతంలో గద్యమంటే అదే! బ్రోకరుగారి అయిదు వాక్యాలూ ఒక పక్కా, బాబాయి లెక్కల పుస్తకం ఒక పక్కా పెట్టి ఏది మంచి రచన అని అడిగితే, విమర్శకురాలిగా నాకు సందేహం లేదు. మొదటిదాంట్లో 'పూర్తిగా' అనేది కొలవని మాట. 'ఒకే యజమాని' పచ్చి అబద్ధం, డాక్టరుగారు ఏమయ్యారు? 'పెళ్ళికూతురు' అరిగిపోయిన ఉపమానం. 'చూసినవారు వదలరు' రచయితకి తన సరుకు మీద నమ్మకం లేనప్పుడు వేసే ఆశ్చర్యార్థకం. పుస్తకంలో ఒక్క విశేషణం లేదు. అయినా చదివితే కారు కళ్ళముందు నిలబడుతుంది.

పిన్నీ నేనూ కలిసి ప్రకటన తిరగరాశాం. "1953 మోరిస్ మైనర్. రెండో యజమాని ఇంట్లో 1961 నుంచి ఉంది. చట్రం, బాడీ, రెండు ముక్కల ముందు అద్దం మొదటివే. ఇంజను 1978లో మార్చినది, ఆర్.సి.లో నమోదయింది. అప్పుడే రంగు మారింది, మొదటి రంగు ఆకుపచ్చ. వి.ఎ. రిజిస్ట్రేషను దొరుకుతుందో లేదో కొనేవారు ముందుగా విచారించుకోవాలి. ఖర్చుల పుస్తకం బండితోపాటు ఇవ్వబడును."

"ఇలా వేస్తే ఎవరొస్తారే?" అంది పిన్ని. "కొద్దిమందే వస్తారు" అన్నాను. నిజంగానే రెండు వారాలు ఎవరూ రాలేదు. బ్రోకరు మాత్రం ఒకసారి వచ్చి, జాలిగా చూసి వెళ్ళాడట.

మొన్న ఆదివారం ఒకాయన వచ్చాడట. షెడ్డు ఎటని అడగలేదు. "ముందు ఆ పుస్తకం చూపిస్తారా అండీ?" అన్నాడట. వరండాలో కూర్చుని మొదటి పేజీనుంచి చదవడం మొదలుపెట్టాడట.

బేరం ఇంకా తెగలేదు. కాని పిన్ని ఆయనకి రెండోసారి కాఫీ ఇచ్చిందట.